పత్తి కాంట మీద పాము

ఆ పాము బరువు నాకింకా గుర్తుంది. సంచితో కలిపి 1 కిలో 340 గ్రాములు. యూరియా సంచి 110 గ్రాములు తీసేస్తే 1 కిలో 230. కాంట కొక్కేనికి సంచి మూతి తగిలించింది మా కాక కొడుకు. సెల్‌ఫోన్ లైటు పట్టింది పక్కింటి పిల్లగాడు. ఎర్ర అంకెలు చదివింది, మనసులో తీసివేత చేసింది, పైకి చెప్పింది నేను. ఊళ్లో లెక్కల సారు వేరే ఉన్నాడు. నేను పిల్లలకు జీవశాస్త్రం చెప్పేవాణ్ని.

2015 శ్రావణ మాసం. బోయినపల్లి మండలంలో మా ఊరు. ఊరి పేరు రాయను, రాసినా మండలంలో పక్క ఊరికీ మా ఊరికీ ఈ విషయంలో తేడా ఏమీ లేదు. ఆ ఏడు మొగులు పట్టేది, ఉరిమేది, పోయేది. మా తమ్మునికి అప్పటికే మూడు బోర్లు ఫెయిలయ్యాయి. నాలుగోది వేద్దామా, పాత బాయినే ఇంకో రెండు గజాలు దించుదామా అని నెల రోజులు కొట్టుకులాడి, చివరికి బాయే మేలనుకున్నాడు. జేసీబీ బాయి దాకా పోవడానికి తొవ్వ లేదు. తొవ్వ కోసం ఒడ్డు చెక్కుతుంటే ఆ వదులు మట్టిలోంచి జారి కింద పడింది, రెండు తలల పాము.

మణికట్టంత లావు, రెండున్నర అడుగుల పొడవు, తడిసిన ఎర్రమట్టి రంగు. మెడ అనేది లేదు. తల ఎంత లావో నడుమూ అంతే, నడుము ఎంతో తోకా అంతే. తోక కొస సన్నబడదు, ఎవరో కత్తితో కోసి గుండ్రంగా అరగదీసినట్టు ఉంటుంది. కింద పడగానే అది పారిపోలేదు. బుస కొట్టలేదు. ఉండ చుట్టుకుంది. తలను చుట్ల కిందికి దోపుకుని, తోకను మాత్రం కొంచెం పైకి లేపి అటూ ఇటూ ఆడించింది. గుమిగూడిన వాళ్లంతా ఆ తోకనే తల అనుకున్నారు. ఒకడు కట్టెతో దాన్నే పొడిచాడు. "తలకాయ గదే, గదే!" అని ఇంకొకడు అరిచాడు.

దాని ఉపాయం అంతా అంతే. ముంగిస వచ్చినా, గద్ద వచ్చినా ముందు తల మీదే దెబ్బ వేస్తాయి. తల పోతే పాము పోయినట్టే. అందుకని అది తల దాచి, తలలాంటి తోకను ముందుకు పెడుతుంది. తోక మీద గాటు పడితే మానిపోతుంది. ఈ జాతిలో పెద్ద పాములను పట్టి చూస్తే తోక కొసన పాత గాయాల మచ్చలు తరచుగా కనిపిస్తాయి. మా ఒడ్డు కింద దొరికిన దానికీ ఉన్నాయి. నేను వంగి చూశాను, రెండు గాట్లు, తెల్లగా మానినవి. ఎన్నేళ్లు ఎన్నింటిని మోసం చేసి బతికిందో అనుకున్నాను కూడా.

అనుకున్నాను, నోరు తెరవలేదు.

"అన్నా, రెండు కిలోలుంటే కోటి పలుకుతదట. గీ కాంట మీద పెడ్దమా?" అన్నాడు తమ్ముడు. పత్తి కాంట కొట్టంలో దూలానికి వేలాడుతుంది, దాని పని కార్తీకం దాకా లేదు. నేను "పెట్టు" అనలేదు. "వద్దు" అనీ అనలేదు. అంకెలు చదివాను.

ఇప్పుడు అసలు విషయం రాస్తాను. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పనిది. మూడో బోరప్పుడు తమ్ముడు నా దగ్గర నలభై వేలు తీసుకున్నాడు. పాము అమ్ముడుపోతే నా పైసలు నాకు వస్తాయని ఆ సెల్‌ఫోన్ వెలుతురులో నాకు తోచింది. ఆ పాముకు విషం లేదని, తల ఒక్కటే అని, దానిలో ఏ మహిమా లేదని, దాన్ని పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని ఆ గుంపులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలిసినవాడు కాబట్టే నోరు మూసుకోవడం వీలైంది. మిగతా వాళ్లు నమ్మారు, తమ్ముడు ఆశపడ్డాడు. నేను ఈ రెండూ చేయలేదు, కానీ ఆశపడ్డవాడి దగ్గర నుంచి నా వాటా కోసం ఎదురుచూశాను.

*

రెండు తలల పాము గురించి ఊళ్లో చెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి. ఆరు నెలలు ఒక తలతో పోతుందట, ఆరు నెలలు ఇంకో తలతో పోతుందట. ఇంట్లో ఉంటే లంకెబిందెలు ఎక్కడున్నాయో చూపెడుతుందట. దాంతోటి క్యాన్సరు మందు చేస్తారట. విదేశాల్లో దాని మీద ఏదో పరిశోధన ఉందట, అందుకే ఆ ధర అట. ఈ "అట"ల వెనక పట్టేవాడు, మధ్యవర్తి, వాడిపై మధ్యవర్తి, అక్కడక్కడా జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. చివర కొనేవాడు మాత్రం ఎవరికీ కనిపించడు. బరువు ఎక్కువుంటే ధర ఎక్కువని పాముల నోట్లో ఇనుప గుండ్లు కుక్కినవాళ్లు, పాదరసం ఎక్కించినవాళ్లు కూడా పట్టుబడ్డారు.

అసలు దాని బతుకు ఏమిటంటే, వదులు మట్టిలో, ఇసుకలో, ఎలుక బొక్కల్లో పగలంతా పడుకోవడం, రాత్రి పూట వచ్చి ఎలుకను పట్టి, చుట్టి, ఊపిరాడకుండా చేసి మింగడం. కరవడం దానికి తెలియక కాదు, కానీ చేతిలోకి తీసుకున్నా సాధారణంగా కరవదు. మా ఊరి రైతు ఎలుకల మందు పొట్లాలకు ఏటా పైసలు తగలేస్తాడు. వరి పాలు పోసుకునే వేళ ఒక్క రాత్రిలో ఎలుక ఎంత కోస్తుందో మడి చేసేవాడికి తెలుసు. మందు పొట్లం కొనే చేత్తోనే మనం ఎలుకలను ఉత్తపుణ్యానికి తినే దాన్ని యూరియా సంచిలో వేశాం.

ఒక సంగతి చెప్పాలి, కొంచెం పక్కకు పోతున్నా. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు ఉండేవాడు. పాములు పట్టి తెచ్చిన తెలుగువాళ్లను పేరడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1796లో ఆయన పుస్తకం అచ్చయింది. కట్లపాముల జాతికి ప్రపంచమంతా వాడే 'బంగారస్' అనే శాస్త్రీయ నామం మన 'బంగారు పాము' అన్న మాటలోంచి వచ్చిందే. మన రెండు తలల పామును 1801లో శాస్త్రానికి పరిచయం చేసిందీ ఆయనే, తరంగంబాడిలో ఉండే జాన్ అనే క్రైస్తవ మతబోధకుని పేరు దానికి పెట్టాడు. చెప్పులు లేకుండా పొలాల్లో తిరిగే మనవాళ్లు ఏ పాము ఏదో, ఏది విషమో, ఏది కాదో ఆనాడు ఒక దొరకు చెప్పగలిగారు. రెండు వందల ఏళ్ల తరవాత నేను బీఎస్సీ, బీఈడీ చేసి, అదే పామును కాంటకు తగిలిస్తుంటే అంకెలు చదివాను. రస్సెల్ కథ నేను క్లాసులో ఏటా చెప్పేవాణ్ని. పిల్లలు నవ్వేవాళ్లు, 'బంగారు పాము' అని అరిచేవాళ్లు. చెప్పి, గంట కొట్టగానే పుస్తకం మూసేవాణ్ని.

*

నేను ఆ రోజే కొత్తగా పాడైనట్టు రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

మా చిన్నప్పుడు, మిరుగు కార్తె దాటి మొదటి గట్టి వాన పడ్డ తెల్లారి, చెలక అంతా ఆరుద్ర పురుగులు. ఎర్రటి మఖ్మల్ గుడ్డ ముక్కకు కాళ్లు మొలిచినట్టుండేవి. వాటికి కాళ్లు ఎనిమిది, అంటే అది నిజానికి పురుగు కాదు, సాలీడుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలి వానలకు కొన్నాళ్ల కోసం పైకి వస్తుంది, తిండి కోసం, జత కోసం. ముట్టుకుంటే కాళ్లన్నీ ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. పారిపోని దాన్ని పట్టడం ఎంత సులువు! అగ్గిపెట్టెలో గడ్డి వేసి పది పట్టేవాళ్లం, ఇరవై పట్టేవాళ్లం, ఎవరి పెట్టెలో ఎక్కువున్నాయో పోటీ. మూడో రోజుకు పెట్టె తెరిస్తే మఖ్మల్ అంతా పోయి మసి ఉండలు. మళ్లీ వాన కోసం చూసేవాళ్లం. ఇప్పుడు వానలు పడుతున్నాయి, పురుగులు కనిపించవు. పిల్లల అగ్గిపెట్టెలకే అవి అంతరించాయని అనను. చెలక మీద చల్లే కలుపు మందూ, పత్తికి కొట్టే మందూ మనవే కదా.

ఉడుము సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు రాయలేను. దాని గోళ్ల బలానికి మన భాషలో ఒక మాటే పుట్టింది, 'ఉడుము పట్టు'. పట్టుదల ఉన్న మనిషిని అలా మెచ్చుకుంటాం. ఉడుమునేమో చెట్టు తొర్రలోంచి తోక పట్టి లాగి, కాళ్లు వెనక్కి విరిచి, దాని తోకనే దానికి తాడు చేసి కట్టి, కీళ్ల నొప్పులకు నూనె అని, కూరకు మంచిదని ఇంటింటికీ తిప్పారు. దాని తోలు కంజీరకు పనికొచ్చింది. ఈ మధ్య పూజ సామాన్ల దుకాణాల్లో 'హత్తా జోడీ' అని, అరుదైన చెట్టు వేరు అని, పెట్టుకుంటే లక్ష్మి వస్తుందని ఒకటి అమ్ముతున్నారు. రెండు చేతులు జోడించినట్టు ఉంటుంది. అది వేరు కాదు, మగ ఉడుము మర్మాంగాన్ని కోసి ఎండబెట్టింది. మా బంధువుల ఇంట్లో దేవుని గదిలో కుంకుమ పెట్టి ఉంచితే చూశాను. అక్కడా నేను ఏమీ అనలేదు. పండుగ పూట, అన్నం తింటున్నాం.

అలుగు గురించి చెప్పాలంటే ముందు ఒక మాట. కొన్ని జిల్లాల్లో చెరువు నిండి నీళ్లు దాటే చోటును అలుగు అంటారు. మా దిక్కు దాన్ని మత్తడి అంటాం, చెరువు మత్తడి దుంకింది అంటాం. అందుకని అలుగు అంటే మాకు ఒక్కటే, ఒళ్లంతా పొలుసులుండే జంతువు. ఎనభైల్లో, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఒక రాత్రి ఊళ్లోకి అలుగును తెచ్చారు. కంది చేను కావలికి పోయినవాళ్లకు దొరికింది. గుట్ట దిక్కు నుంచి చెదపుట్ట తవ్వడానికి దిగిందట. గ్యాస్ లైటు వెలుతురులో గచ్చు మీద పెడితే గుండ్రటి బంతి. తల, కాళ్లు, కడుపు ఏవీ కనిపించవు, వెదురు చాట అల్లికలాగా పొలుసుల మీద పొలుసులు. పెద్దవాళ్లు ఇద్దరు రెండు చేతులా లాగినా విప్పుకోలేదు.

అలుగుకు పళ్లు ఉండవు. జిగురు నాలుక ఒక్కటే, దాన్ని పుట్టలోకి జొనిపి చీమలూ చెదలూ తింటుంది. ఒక రాత్రిలో అది తినే చెద మా ఇళ్ల దూలాలను, వాసాలను ఎంత కాపాడేదో ఎవరూ లెక్క వేయలేదు. సాధారణంగా ఒకే పిల్లను కంటుంది, దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది, ఆపద వస్తే పిల్లను కడుపు కింద పెట్టుకుని దాని చుట్టూ ఉండ చుట్టుకుంటుంది. చిరుత వచ్చి కొరికినా, దొర్లించినా ఆ ఉండ విడదు. విసుగొచ్చి చిరుతే పోతుంది. కానీ మనిషి ఆ ఉండను విప్పాల్సిన పనే లేదు. కదలకుండా చుట్టుకున్నదాన్ని రెండు చేతులా ఎత్తి గోనెసంచిలో వేసుకోవడమే. చిరుత దగ్గర పనిచేసిన ఉపాయం మనిషి చేతిలో ఎత్తుకుపోవడానికి అనువుగా కట్టిన మూట అయ్యింది. మర్నాడు పొద్దుగాల అది లేదు. వాడకట్టులో వేడినీళ్లు కాగిన పెద్ద గిన్నె, పక్కన పొలుసుల కుప్ప ఉన్నాయి. మా ముసలాయన ఒకరు మొలలు తగ్గుతాయని ఆ పొలుసు ఒకటి ఉంగరంలో పొదిగించుకుని చచ్చేదాకా పెట్టుకున్నాడు. అలుగు పొలుసు, మన గోరు ఒకే పదార్థం. గోళ్లు కొరుక్కునే అలవాటున్న పిల్లలకు మొలలు రాకూడదు మరి.

ఈ మాట నేను ఆయనకు చెప్పే వయసుకు వచ్చేసరికి ఆయన లేడు. ఉన్నా చెప్పేవాణ్ని కాదేమో.

2016 సెప్టెంబరు ఆఖరున జొహన్నెస్‌బర్గ్‌లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఎనిమిది రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ పూర్తిగా నిషేధించడానికి ఒప్పుకున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా దగ్గర వానలు దంచికొట్టి, కట్టుబడిలో ఉన్న మధ్య మానేరు కట్టకు గండి పడింది. మేము ఆ గండినే చూశాం. జొహన్నెస్‌బర్గ్ మాట మా దాకా రాలేదు, వచ్చినా చూపెట్టడానికి మా గుట్టల్లో అలుగు లేదు.

*

మధ్య మానేరు గురించి ఈ వ్యాసంలో రాయడం న్యాయమా కాదా అని చాలాసేపు ఆలోచించాను. మా మండలంలోనే మన్వాడ దగ్గర మానేరుకు అడ్డం కట్టిన డ్యాం అది, పాతిక టీఎంసీలకు పైగా నీళ్లు పడుతుంది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మునిగాయి, పక్క మండలాల్లోనూ ఊళ్లు మునిగాయి. ఇల్లూ, పొలమూ, పెద్దల సమాధులూ నీళ్లలో వదిలి వచ్చినవాళ్ల ముందు నిలబడి పాముల గురించి మాట్లాడితే చెంప పగలగొట్టినా తప్పులేదు. వాళ్ల బాధ వాళ్లది, అది ఇంకా తీరలేదు. నేను అడిగేది వాళ్లను కాదు, నన్ను.

నష్టపరిహారం ఫారాలు నింపిపెట్టిన వాళ్లలో నేనొకణ్ని. మా మేనత్త వాళ్లవీ, వాళ్ల వాడకట్టువీ. ఇల్లు ఎన్ని గదులు, కొట్టం పెంకుదా రేకులదా, బాయి ఎన్ని గజాలు, బోరు ఉందా, మామిడిచెట్లు ఎన్ని, తాడిచెట్లు ఎన్ని, అన్నీ రాశాం. రాయాలి కూడా. ఒక తాడిచెట్టు తప్పిపోతే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లం. ఆ నేల మీద ఏ గడ్డివాము ఉందో కూడా నాకు తెలుసు. ఆ నేలలో ఏమున్నాయో జీవశాస్త్రం చదివినవాణ్ని నేను ఒక తెల్లకాగితం మీద అయినా రాసుకోలేదు. మానేరు ఇసుక గడ్డల్లో, ఒడ్డు వెంబడి మెత్తటి నేలల్లో రెండు తలల పాములు, ఉడుములు, ముళ్లపందులు, తాబేళ్లు ఉండేవని చిన్నప్పటి నుంచి చూసినవాణ్నే. ఆ ఇసుక కొంత ముందే పోయింది, లారీల మీద పట్నం బిల్డింగులకు. లారీ దుమ్ము గురించి, రోడ్డు గుంతల గురించి మేం ధర్నా చేశాం. ఇసుక గురించి చేయలేదు. ట్రాక్టరు ఉన్నవాళ్లు ఊళ్లో ఉన్నారు, వాళ్లూ మావాళ్లే.

2019లో నీళ్లు ఎక్కుతున్న దినాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాములకు మేం కట్టెలు పట్టుకుని కావలి కాశాం. భయం అబద్ధం కాదు, వాటిలో నాగుపాములూ కట్లపాములూ ఉన్నాయి. కానీ ఏది ఏదని చూసి కొట్టింది ఎవరు? వరదవెల్లిలో దత్తాత్రేయ స్వామి గుట్ట చుట్టూ నీళ్లు చేరి ఇప్పుడు దీవి అయ్యింది, దర్శనానికి పడవ మీద పోవాలి. ఒకసారి పోయాను. దేవునికి మొక్కాను. దిగి వస్తూ బండల సందుల్లోకి తొంగి చూశాను, ఏమైనా ఎక్కి బతికిందా అని. పడవ వాడు తొందర పెట్టాడు.

*

గండి పడ్డ ఏడాదే, 2016 అక్టోబరు 11న, దసరా. పొద్దున మేం కరీంనగర్ జిల్లా వాళ్లం, ఆ రోజే రాజన్న సిరిసిల్ల జిల్లా వాళ్లమయ్యాం. కొత్త జిల్లాలన్నీ ఆ విజయదశమి నాడే పుట్టాయి. ఊరంతా సంబురంగా ఉంది. పొద్దుగూకే వేళ డప్పుల సప్పుళ్లతో పాలపిట్టను చూడడానికి ఊరి బయటికి పోయాం. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మనకు నమ్మకం. 2014 నవంబరులో అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అయ్యింది.

నా చిన్నతనంలో దాన్ని చూడ్డానికి పోవాల్సిన పనే లేదు. కరెంటు తీగ మీద, టెలిఫోను తీగ మీద, మోడుబారిన తాడిచెట్టు తలకాయ మీద కూర్చునే ఉండేది. అట్లా బయట కూర్చోవడం దాని పని. అక్కడి నుంచి కింద చెలకలో మిడత కదిలితే చూస్తుంది, దుంకుతుంది, తీసుకుని మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంటుంది. గూడు పెట్టుకునేది ఆ మోడు తాడిచెట్ల తొర్రల్లోనే. కల్లు రాని చెట్టు ఎందుకని మేం వాటిని నరికి ఇటుక బట్టీలకు అమ్మాం. మిడతలకు మందు కొట్టాం. తరవాత డప్పులు పట్టుకుని పిట్ట ఏదని వెతికాం.

ఆ సాయంత్రం ఒక్కటీ కనిపించలేదు. చీకటి పడుతుంటే జమ్మిచెట్టు దగ్గర ఒకాయన గుడ్డ కప్పిన పంజరం పట్టుకుని కూర్చున్నాడు. మనిషికి ఇరవై. మేం నలుగురం, యాభైకి మాట్లాడుకున్నాను. గుడ్డ లేపాడు.

గోధుమరంగు పిట్ట. పొట్ట పక్క దుమ్ము కొట్టుకున్న మాసిన రంగు, రెక్కలకు ఏదో జిగురు రాసి ముడిచి ఉంచారు, తోక ఈకలు రెండు విరిగాయి. మా అవ్వ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. మా ఇంటావిడ, "గిదేంది, నీలం ఏది?" అంది.

పాలపిట్ట కూర్చున్నప్పుడు గోధుమరంగే ఎక్కువ కనిపిస్తుంది. నీలమంతా రెక్కల్లో ఉంటుంది, ఎగిరినప్పుడు విప్పుకుంటుంది, ముదురు నీలం ఒక పట్టె, లేత నీలం ఒక పట్టె. ఎండాకాలం జతకట్టే రోజుల్లో మగది పైకి పోయి, గాలిలో పల్టీలు కొడుతూ పడిపోతున్నట్టు దిగుతుంది, అప్పుడు చూడాలి దాన్ని. ఇంకో చిత్రం, ఆ ఈకలో నీలం రంగు అనేదే లేదు. ఈక లోపలి సన్నటి అల్లికలో వెలుతురు చెదిరి నీలమై కనిపిస్తుంది. నేను చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలో దాచుకున్న పాలపిట్ట ఈకను ఒకసారి రాయి మీద పెట్టి నూరాను, ఆ రంగుతో బొమ్మ వేద్దామని. మట్టి రంగు పొడి వచ్చింది. అంటే ఎగరలేని పాలపిట్టను పైసలిచ్చి చూడడం, నూరిన ఈకను చూడడం ఒకటే. ఇదంతా ఆమెకు చెప్పే బదులు, "సరే మొక్కుకోండి, చీకటైతుంది" అన్నాను. యాభై ఇచ్చాను. ఆయన ఇంకో కుటుంబానికి గుడ్డ లేపాడు. మేం జమ్మి ఆకు బంగారం అని పంచుకుని, అలయ్ బలయ్ తీసుకుని, కొత్త జిల్లాకు నడిచి వచ్చాం.

*

పాము దగ్గరికి వస్తాను. రాయకుండా దాటేద్దామని ఇంత దూరం తిరిగానని నాకు తెలుసు.

దాన్ని నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టారు, సగానికి కోసి పశువులకు నీళ్లు పెట్టేది. అడుగున రెండు తట్టల ఇసుక పోశారు. గిన్నెలో పాలు పెట్టారు. నాగుల పంచమి పోయి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు, పుట్టలో పాలు పోసిన ఇంటివాళ్లే. పాము పాలు తాగదని నేను చెప్పాలి. కోడిగుడ్డు పెట్టారు, అదీ ముట్టలేదు. పైన జాలి, జాలి మీద రుబ్బురోలు పొత్రం. మధ్యవర్తి ఫోనులో "తూకం తగ్గకుంట చూస్కోండ్రి" అన్నాడట. పొద్దున బడికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నేను జాలిలోంచి చూసేవాణ్ని. తోక కొస మాత్రం ఇసుకలోంచి పైకి పెట్టి ఉండేది.

తొమ్మిదో రోజు పొద్దుగాల మరదలు పిలిచింది, "బావా, గిది జూడుండ్రి" అని. డ్రమ్ములో పిల్లలు. ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పల్చటి పొరలో పుడతాయి, పొర చింపుకుని బయటికి వస్తాయి. ఏడు లెక్కపెట్టాను. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు, తల్లిలా మట్టి రంగు కాదు, కాల్చిన ఇటుక రంగు, తోక మీద నల్లటి పట్టీలు. ఒకటి అప్పుడే పొర తోసుకుని వస్తోంది. నేను పొత్రం పక్కన పెట్టి, వంగి, చీపురు పుల్లతో దాన్ని మెల్లగా తాకాను. పుట్టి ఇంకా గంట కూడా కాలేదేమో, తల కిందికి దోపుకుని తోక పైకెత్తింది.

నా నలభై ఏళ్లకు పైబడ్డ జీవితంలో, ఎన్ని పటాలు గీసినా, ఎన్ని పాఠాలు చెప్పినా, నేను కళ్లారా చూసిన పాఠం అదొక్కటే. బడి అర కిలోమీటరు. నలభై మంది పిల్లల్ని వరసగా నిలబెట్టి తీసుకొచ్చి చూపించవచ్చు. చూపిస్తే ఊరికి తెలుస్తుంది. తెలిస్తే ఫారెస్టు వాళ్లు వస్తారు. తమ్ముని మీద కేసు అవుతుంది. నా నలభై వేలు పోతాయి. ఇవన్నీ వరసగా తోచాయి, ఈ వరసలోనే తోచాయో లేదో ఇప్పుడు చెప్పలేను. పొత్రం మళ్లీ జాలి మీద పెట్టాను.

మధ్యవర్తి రెండు రోజుల తరవాత బండి మీద వచ్చాడు. కాంటకు తగిలించారు. సంచి పోను 890. పది, పదకొండు రోజులుగా ఏమీ తినలేదు, పిల్లల్ని కన్నది, తగ్గక ఏం చేస్తుంది? ఆయన నవ్వాడు. "గిది ఎవ్వనిక్కావాలె?" అన్నాడు. పిల్లల వంక చూడనైనా లేదు. చాయ్ తాగి పోయాడు. తమ్ముడు చాలాసేపు కొట్టం ముందర కూర్చుండిపోయాడు. వాడి మొఖం చూసి నాకు పాము గుర్తు రాలేదు, బోరు బండి వాడికి కట్టాల్సిన బాకీ గుర్తొచ్చింది. తరవాత లేచి, డ్రమ్ము రెండు చేతులా లేపి, బయటికి నడిచాడు. బడి టైమైందని నేను సైకిలు ఎక్కాను.

సాయంత్రం వచ్చేసరికి డ్రమ్ము కడిగి బోర్లించి ఉంది. రోడ్డు వారన, ఎండలో, పిల్లలు రాళ్లతో ఆడుకున్న చోట ఏడింట్లో నాలుగు కనిపించాయి. మిగతా మూడూ ఎటు పోయాయో, తల్లి ఎంత దూరం పాకిందో వెతకలేదు. రాళ్లు వేసిన పిల్లల్లో నా క్లాసు వాళ్లు ఉన్నారు. "సార్, రెండు తలకాయలూ కొట్టినం" అని చెప్పారు.

కార్తీకంలో పత్తి ఏరారు. కరువు ఏడు, అంతంత మాత్రం. అదే కాంటకు బస్తాలు తగిలించారు, తమ్ముడు తగిలించాడు, నేను చదివాను. సంచి తరుగు తీసి, చీటీ మీద రాసుకున్నాం.